పాత తప్పును దేవుని ముందు దించుకోవడం ఎలా

యేసు క్షమిస్తాడని మీకు తెలుసు. వందసార్లు విన్నారు, ఇతరులకు చెప్పి కూడా ఉంటారు. అయినా ఎప్పుడో చేసిన ఒక తప్పు మాత్రం దిగదు. ప్రార్థనలో మోకరించగానే అదే ముందు గుర్తొస్తుంది. దీనికి కారణం విశ్వాసం చాలకపోవడమే అనుకుంటారు చాలామంది. ఎక్కువసార్లు అసలు చిక్కు వేరే చోట ఉంటుంది: మూడు వేర్వేరు లెక్కల్ని ఒకే పద్దులో కలిపేసుకోవడం.

మొదటి లెక్క దేవునికీ మీకూ మధ్యది. రెండోది మీ వల్ల నష్టపోయిన మనిషికీ మీకూ మధ్యది. మూడోది ఆ తప్పు వెనకాలే వచ్చిన ఫలితాలు: పోయిన పరువు, తెగిన బంధం, చట్టం వేసిన శిక్ష. మొదటిది ఒక్క ప్రార్థనతో తీరుతుంది. రెండోది తీరడానికి ఏళ్ళు పట్టవచ్చు, ఎందుకంటే సగం అవతలి మనిషి చేతిలో ఉంది. మూడోది కొన్నిసార్లు బతికినంత కాలం వెంట ఉంటుంది. ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను చంపించిన దావీదు రాజు కథలో ఈ మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. రెండవ సమూయేలు 12:13లో అతను 'పాపం చేశాను' అనగానే, అదే వచనంలో ప్రవక్త నాతాను క్షమాపణ ప్రకటించాడు. ఆ తర్వాతి వచనంలోనే, ఆమెకు పుట్టిన బిడ్డ చనిపోతాడని చెప్పాడు. ఊరియా మాత్రం ఎప్పటికీ తిరిగి రాలేదు. ఫలితం ఇంకా ఉంది కాబట్టి క్షమాపణ రాలేదనుకోవడం ఎంత పొరపాటో, క్షమాపణ వచ్చింది కాబట్టి ఫలితం ఉండకూడదని పట్టుబట్టడమూ అంతే పొరపాటు.

కింద చెప్పే వరుస ఈ లెక్కల్ని విడదీయడానికే.

మొదట, అది మీ తప్పేనా చూసుకోండి

తొందరపడి ఒప్పుకోలుకు దిగకండి. గుండె మీద ఉన్న బరువంతా పాపం కాదు. చిన్నతనంలో ఎవరో మీ మీద చేసిన అఘాయిత్యం, తాగుబోతు తండ్రిని మార్చలేకపోవడం, ఆసుపత్రిలో ఉన్న మనిషి దగ్గరికి సమయానికి చేరలేకపోవడం లాంటివి దుఃఖాలు. వీటికి క్షమాపణ అడుగుతూ కూర్చుంటే ఎన్నేళ్ళయినా ఉపశమనం రాదు, ఎందుకంటే అక్కడ క్షమించవలసింది ఏమీ లేదు. వీటికి కావలసింది ఓదార్పు. కీర్తనల గ్రంథంలో ఏడుపు పాటలు అన్ని ఉన్నది అందుకే.

ఇంకో తేడా కూడా పట్టుకోవాలి. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు ఒక పని పేరు చెబుతుంది: 'ఫలానా రోజు ఫలానా మనిషి మీద అబద్ధమాడావు, వెళ్ళి సరిచెయ్యి.' నేరం మోపే గొంతు (ప్రకటన 12:10 సాతానును అలాగే, 'నేరము మోపువాడు' అని పిలుస్తుంది) పని పేరు చెప్పదు, మీకే పేరు పెడుతుంది: 'నువ్వింతే, నీ బతుకింతే.' మొదటి గొంతు వెంట చేయవలసిన పని ఒకటి ఉంటుంది. రెండోదాని వెంట ఏమీ ఉండదు, అలసట తప్ప.

కాగితం మీద పెట్టండి

ఒక కాగితం, పెన్ను, ఎవరూ పిలవని నలభై నిమిషాలు. ఫోన్‌లో రాయకండి. అది ఎక్కడెక్కడికి నకలు వెళుతుందో మీకు తెలియదు. మొదటిసారి జీవితమంతా తవ్వకండి. మూడు నుంచి ఐదు విషయాలు చాలు. రాత్రిళ్ళు నిద్ర లేపేది మొదట రాయండి.

ఒక్కోదానికి ఒక్క వాక్యం. 'నేను' అన్న మాటతో మొదలై, క్రియతో ముగియాలి. 'మా మధ్య కొన్ని అపార్థాలు వచ్చాయి' అని రాస్తే అందులో చేసినవాడు లేడు. 'నేను అన్నయ్య సంతకం ఫోర్జరీ చేసి డబ్బు తీసుకున్నాను' అనే వాక్యంలో ఉన్నాడు. 'పరిస్థితుల వల్ల', 'అందరూ చేసేదే', 'ఒకవేళ నొచ్చుకుని ఉంటే' అన్న మాటలు కనబడితే కొట్టేయండి. పరిస్థితులు నిజంగానే ఉండి ఉండవచ్చు, వాటి సంగతి దేవునికి మీకన్నా బాగా తెలుసు. ఆ మాటలు ఉన్నంతసేపూ మీరు క్షమాపణ అడగడం లేదు, మినహాయింపు అడుగుతున్నారు. రెండూ వేరు. మినహాయింపు నిర్దోషికి ఇస్తారు, క్షమాపణ దోషికి.

వాక్యం పక్కన రెండు విషయాలు చేర్చండి: దీనివల్ల ఎవరు నష్టపోయారు, ఇప్పుడు తిరిగి ఇవ్వగలిగింది ఏదైనా ఉందా. ఈ భాగం తర్వాత పనికొస్తుంది.

'ప్రభువా, నేను ఘోర పాపిని' అనే మాట ఎందుకు చాలదంటే, అది ఎవరైనా ఎప్పుడైనా అనగలిగే మాట. సిగ్గు పట్టుకుని ఉన్న ఆ ఒక్క గదిని తెరవకుండా ఇల్లంతా అప్పగించినట్టు ఉంటుంది. కీర్తన 32లో దావీదు మౌనంగా ఉన్నన్నాళ్ళూ ఎముకలు క్షీణించాయని రాసుకున్నాడు. పేరుపెట్టి చెప్పడంతోనే ఆ మౌనం తెగుతుంది.

ప్రార్థన

ముందు కీర్తన 51 పైకి చదవండి, గొంతు విప్పి. పంతొమ్మిది వచనాలే, మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. మొదటి వచనంలో దావీదు దేన్ని ఆధారంగా చూపించాడో గమనించండి. తన పశ్చాత్తాపం లోతును చూపలేదు, తన కన్నీళ్ళను చూపలేదు. దేవుని కృపనూ వాత్సల్యాన్నీ చూపించాడు.

తర్వాత కాగితం మీది వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు చదవండి. ఒక్కోదాని తర్వాత ఆగి, 'ఇది నేనే చేశాను, యేసు రక్తం వల్ల దీన్ని క్షమించు' అనండి. మాటలు అలంకరించనక్కర్లేదు. అన్నీ అయ్యాక మొదటి యోహాను 1:9 చదవండి. అక్కడ దేవుడు 'నమ్మదగినవాడును నీతిమంతుడును' గనుక క్షమిస్తాడని ఉంది. జాలిపడి, మనసు కరిగి అని లేదు. నీతిమంతుడు అన్న మాట ఇక్కడెందుకు? సిలువ మీద చెల్లించిన దానికి మళ్ళీ మీ దగ్గర వసూలు చేయడం అన్యాయం కాబట్టి. ఆ రోజు మీ మూడ్ ఎలా ఉన్నా, దేవునికి న్యాయం మారదు.

ఆ తర్వాత కృతజ్ఞత చెప్పి లేచిపోండి. ఏడుపు రాకపోయినా, గుండె తేలికపడకపోయినా లేచిపోండి. 'ఏదో అనిపించేదాకా' ఎదురుచూడటమే ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. క్షమాపణ న్యాయస్థానంలో చదివిన తీర్పు లాంటిది. చెవికి ముందు చేరుతుంది, గుండెకు ఆలస్యంగా. కొందరికి అదే రాత్రి, కొందరికి నెలల తర్వాత.

బేరం పెట్టకండి

'నలభై రోజులు ఉపవాసం ఉంటాను, ఇంత కానుక వేస్తాను, జీవితాంతం నీ సేవ చేస్తాను, ఇదొక్కటి వదిలేయ్' అనేది భక్తిలా కనిపిస్తుంది. కానీ లూకా 15లో తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గర కూర్చుని తయారుచేసుకున్న మాటలు చూడండి (18, 19 వచనాలు). అందులో మూడు ముక్కలు ఉన్నాయి: పాపం చేశాను, కొడుకు అనిపించుకోవడానికి తగను, కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో. ఇంటికి వచ్చాక 21వ వచనంలో అతను పలికింది మొదటి రెండే. మూడోది నోటిదాకా రాలేదు. ఈలోగానే తండ్రి ప్రశస్త వస్త్రం తెమ్మని దాసులకు చెబుతున్నాడు. కూలి చేసి తీర్చుకుంటానన్న ఆ ఒక్క వాక్యాన్నే తండ్రి వినలేదు.

ఉపవాసం మంచిదే. దాన్ని ధరగా పెడితేనే చెడిపోతుంది.

ఈ మార్గదర్శినికే ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. వరుస ప్రకారం అన్నీ చేసి కూడా దారి తప్పవచ్చు. యేసును పట్టించిన శిష్యుడు యూదా ఇస్కరియోతును చూడండి (మత్తయి 27:3-5). పశ్చాత్తాపపడ్డాడు. 'నిరపరాధి రక్తాన్ని అప్పగించి పాపం చేశాను' అని పేరుపెట్టి ఒప్పుకున్నాడు. ముప్పై వెండి నాణేలూ తిరిగి ఇచ్చేశాడు. ఏ జాబితా పెట్టి చూసినా అతనికి లోటు లేదు. కాకపోతే వెళ్ళింది ప్రధాన యాజకుల దగ్గరికి. వాళ్ళు 'దానితో మాకేమి? నీవే చూచుకొనుము' అన్నారు. అతను అక్షరాలా అదే చేశాడు, తన పాపాన్ని తనే చూసుకోబోయి ఉరి పెట్టుకున్నాడు. యేసు ఎవరో ఎరగనన్న శిష్యుడు పేతురు చేసినదాంట్లో ఇంత క్రమం కనబడదు. బయటికి వెళ్ళి ఏడ్చాడు, అంతే. కానీ తర్వాత ఒడ్డున యేసు ఉన్నాడని తెలియగానే పడవ చేరేదాకా కూడా ఆగలేక నీళ్ళలోకి దూకాడు (యోహాను 21:7). ఒడ్డున బొగ్గుల మంట ఉంది. మూడుసార్లు ఎరగనని బొంకిన రాత్రి అతను చలి కాచుకున్నదీ బొగ్గుల మంట దగ్గరే (యోహాను 18:18). కొత్త నిబంధన గ్రీకు మూలంలో 'బొగ్గుల మంట' అన్న మాట ఈ రెండు చోట్లే వస్తుంది. ఆ ఒడ్డున యేసు 'నన్ను ప్రేమిస్తున్నావా' అని మూడుసార్లు అడిగాడు, మూడుసార్లు పని అప్పగించాడు. ఇద్దరి మధ్య తేడా పశ్చాత్తాపం మోతాదులో లేదు, ఎటు నడిచారన్నదాంట్లో ఉంది.

తప్పు గుర్తొచ్చినప్పుడు చనిపోవాలన్న ఆలోచన మీకు వస్తుంటే ఇక్కడే ఆగండి. మిగతా మెట్లు తర్వాత చూడొచ్చు. ఈ రోజే ఒక మనిషికి చెప్పండి, వైద్యుణ్ణి కలవండి, ఒంటరిగా ఉండకండి.

ఒక మనిషికి చెప్పడం

యాకోబు 5:16 'మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి' అంటుంది. కథోలిక, ఆర్థడాక్స్ సంఘాల్లో ఇది యాజకుని ఎదుట జరిగే సంస్కారం. కథోలిక సంఘం 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ నాటి నుంచి కనీసం ఏడాదికోసారి పాపసంకీర్తనం చేయాలని నియమం పెట్టింది. అక్కడ విన్నదాన్ని యాజకుడు ఎవరికీ, ఏ కారణం మీదా చెప్పకూడదు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో మధ్యవర్తిగా యాజకుడు అక్కర్లేదంటారు గానీ, పరిణతి చెందిన విశ్వాసికి గానీ పాస్టర్‌కు గానీ చెప్పుకోవడాన్ని ఆ సంఘాలకు నాంది పలికిన లూథర్ కూడా వదులుకోలేదు. ఎందుకంటే మన క్షమాపణ మనమే ప్రకటించుకుంటే నమ్మబుద్ధి కాదు. మరో గొంతు నుంచి వినాలి.

ఎవరిని ఎంచుకోవాలి? మీ సొంత లింగానికి చెందినవారైతే మేలు. ఇతరుల రహస్యాలు 'ప్రార్థన మనవి' పేరుతో మీకు ఎప్పుడైనా చెప్పి ఉంటే ఆ మనిషి పనికిరాడు, మీదీ అలాగే చెబుతాడు. విని అదిరిపోయేవాడు వద్దు. 'ఆ, ఇదేం పెద్ద విషయం' అని తేలిక చేసేవాడూ వద్దు. గంట సమయం అడగండి. మొదటే చెప్పండి: 'నాకు సలహా ఇప్పుడు అక్కర్లేదు. విని, దేవుడు క్షమించాడని వాక్యం చదివి, నాతో ప్రార్థన చేయండి.'

పాపం ఎంత మేర పాకిందో ఒప్పుకోలు అంత మేరకే ఉండాలి. మనసులో జరిగినది దేవునికి, ఒకరి మీద చేసినది ఆ ఒకరికి, సంఘం ఎదుట చేసినది సంఘం ఎదుట. రహస్య పాపాన్ని సాక్ష్యం పేరుతో మైకులో చెప్పడం వల్ల మంచి జరగడం తక్కువ, ఇంట్లోవాళ్ళు తలవంచుకోవడం ఎక్కువ.

మనిషి లెక్క

కాగితం తీయండి. తిరిగి ఇవ్వగలిగినవాటి భాగం వేరే చీటీ మీద రాసుకుని, మొదటి కాగితాన్ని చింపేయండి. దాని పని అయిపోయింది.

డబ్బు, వస్తువు అయితే కొలత లేవీయకాండం 6:5లో ఉంది: అసలు మొత్తం, దాని మీద ఐదో వంతు. అంటే 10,000 తీసుకుని ఉంటే 12,000. సుంకం వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8), అతన్ని ఎవరూ అడగలేదు. యేసు అతని ఇంట బస చేయడానికి వచ్చాకే ఆ మాట వచ్చింది గానీ, ఆ మాట వల్ల యేసు రాలేదు. యజమాని చనిపోయి ఉంటే వారసులకు ఇవ్వండి. వారసులూ లేకపోతే ఆ సొమ్ము దేవునికి చెందుతుందని సంఖ్యాకాండం 5:8 చెబుతుంది, కాబట్టి పేదలకో సంఘానికో చేర్చండి. ఒక్కసారి ఇవ్వలేకపోతే నెలకింత అని రాసి ఇవ్వండి. మాట ఇచ్చి తప్పితే రెండో తప్పు అవుతుంది.

మాటల గాయమైతే పని ఇంకా కష్టం. 'నేను నిన్ను బాధపెట్టి ఉంటే సారీ' అనేది క్షమాపణ కాదు, నింద సగం అవతలివాళ్ళ మీద వేయడం. ఇలా చెప్పి చూడండి: 'ఆ రోజు అందరి ముందు నీ గురించి అబద్ధం చెప్పాను. దానివల్ల నీ పేరు పోయింది. నాది తప్పు. ఎవరెవరికి చెప్పానో వాళ్ళ దగ్గరికి వెళ్ళి నిజం చెబుతాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను. నువ్వు ఇప్పుడే జవాబు చెప్పనక్కర్లేదు.' తర్వాత నోరు మూసుకుని వినండి. అవతలివాళ్ళు తిట్టవచ్చు, తలుపు వేసేయవచ్చు. మీ పని అడగడం వరకే. 'క్రైస్తవులై ఉండి క్షమించరా?' అని ఒత్తిడి చేస్తే ఇంతసేపు చేసినదంతా వృథా.

వెళ్ళకూడని సందర్భాలూ ఉన్నాయి. మిమ్మల్ని చూస్తేనే అవతలి మనిషికి భయమేసే గాయమైతే (వేధింపు, హింస) మీరుగా వెళ్ళకండి, ఉత్తరం కూడా పంపకండి. నడుమ ఒక పెద్దమనిషి ద్వారా వాళ్ళు కోరుకుంటేనే. అవతలి మనిషికి అసలు తెలియని మీ మనసులోని అసూయను వెళ్ళి చెప్పడం కూడా అనవసరం, మీ బరువు వాళ్ళ నెత్తిన పెట్టడమే. దాంపత్యంలో ద్రోహం జరిగి ఉంటే, ఒంటరిగా ఓ రాత్రి కుమ్మరించేయకుండా ముందు అనుభవమున్న కాపరితో గానీ కౌన్సెలర్‌తో గానీ మాట్లాడి, ఎప్పుడు, ఎవరి సమక్షంలో, ఎంతవరకు చెప్పాలో తేల్చుకోండి. చట్టం దృష్టిలో నేరమైతే దేవుని క్షమాపణ చట్టానికి బదులు కాదు. లాయర్‌ను కలిసి, ముందుకు వచ్చి ఒప్పుకునే దారి వెతకండి. పిల్లల మీద జరిగిన హింసను 'ప్రార్థనతో సర్దుకుందాం' అని ఏ సంఘమైనా చెబితే ఆ మాట వినకండి.

ఇక మీకు బాకీ ఉన్నవాళ్ళు. మత్తయి 18లో యేసు చెప్పిన కథలో రాజు ఒక దాసుడికి పదివేల తలాంతుల అప్పు కొట్టివేశాడు, అతను మాత్రం వంద దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు. దేనారం ఒక రోజు కూలి, తలాంతు ఇంచుమించు ఆరువేల దేనారాలు. రెండు అప్పుల మధ్య తేడా ఆరు లక్షల రెట్లు. మీకు అన్యాయం చేసినవాళ్ళ వంద దేనారాలు చిన్నవేమీ కాదు, మూడు నెలల జీతం. అయినా వదలాలి. వదలడమంటే మళ్ళీ నమ్మి తాళాలు ఇవ్వడం కాదు.

మళ్ళీ గుర్తొచ్చినప్పుడు

గుర్తొస్తుంది. వారం తిరక్కుండానే రావచ్చు. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి ఒప్పుకోకండి. బైబిల్ వెనక అట్ట లోపల ఒప్పుకున్న తేదీ రాసి పెట్టుకోండి, విషయం రాయొద్దు, తేదీ చాలు. జ్ఞాపకం వచ్చిన ప్రతిసారీ 'ఫలానా తేదీన తీరిపోయింది, స్తోత్రం' అని కృతజ్ఞత చెప్పి చేస్తున్న పనిలోకి వెళ్ళండి. తీర్చిన అప్పుకు మళ్ళీ వాయిదా కడితే, అప్పు ఇచ్చినవాణ్ణి అనుమానించినట్టే.

'దేవుడు క్షమించాడు గానీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను' అంటుంటారు. బైబిల్లో ఎక్కడా మనల్ని మనం క్షమించుకోమన్న ఆజ్ఞ లేదు. ఆ అధికారమే మనకు ఇవ్వలేదు. 'నన్ను నేనే విమర్శించుకొనను' అన్నాడు పౌలు (1 కొరింథీ 4:3). సంఘాన్ని హింసించిన సంగతి అతను ఎప్పుడూ దాచలేదు, ఉత్తరాల్లో పదేపదే రాశాడు. పాపులలో తానే ప్రధానుడినన్నాడు. ఆ మాట అన్న చేత్తోనే తర్వాతి పనులు పురమాయించాడు.

ఒకే విషయాన్ని రోజుకు పదిసార్లు ఒప్పుకోకుండా ఉండలేకపోతున్నారా? సరిగ్గా చెప్పానా లేదా అని గంటలు గంటలు తిరగేస్తున్నారా? 'క్షమించరాని పాపం' చేశానేమో అని వణుకుతున్నారా? ఆ మాట యేసు చెప్పింది, కళ్ళెదుట జరిగిన ఆత్మ పనిని తెలిసి అపవిత్రాత్మ పని అన్న శాస్త్రులతో (మార్కు 3:28-30). చేశానేమో అని ఏడ్చేవాళ్ళు ఆ శాస్త్రుల జాబితాలోకి రారు. ఈ తిరగేత ఆగకపోతే అది ఓసీడీ (అక్కర్లేని ఆలోచనే పదేపదే వచ్చి, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక జబ్బు) లక్షణం కావచ్చు. ఇంకా గట్టిగా ప్రార్థిస్తే తగ్గదు, పెరుగుతుంది. మానసిక వైద్యుణ్ణి కలవండి. క్షమాపణ గురించి పదిమంది పాస్టర్లను అడుగుతూ తిరగకుండా ఒక్కరి మాటకే కట్టుబడండి.

మళ్ళీ అదే తప్పు చేస్తే? అదే రోజు, వీలైతే అదే గంటలో ఒప్పుకోండి. ప్రార్థన మానేసి, కొంచెం మంచిగా ఉండి అప్పుడు దేవుని ముందుకు వెళ్దామని నాలుగు రోజులు వేచి ఉంటే ఆ నాలుగు రోజుల్లోనే రెండోసారి పడతారు. పడే ముందు ఏం జరిగిందో కూడా చూడండి: ఏ సమయం, ఏ చోటు, ఎవరి వెంట. ఎఫెసులో మంత్రవిద్య వదిలినవాళ్ళు పుస్తకాలు అమ్ముకోలేదు, కాల్చేశారు, యాభై వేల వెండి నాణేల విలువైనవి (అపొ. కా. 19:19). మీ విషయంలో అది ఒక ఫోన్ నంబరు కావచ్చు, ఒక యాప్ కావచ్చు.

ప్రభువు బల్ల (యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) ఆదివారం వస్తే చాలామంది ఈ స్థితిలో వెనక బెంచీలో ఉండిపోతారు. మీ సంఘం ముందుగా ఒప్పుకోలు కోరితే అది చేయండి. సంఘ పెద్దలు క్రమశిక్షణలో ఉంచితే వాళ్ళ మాట వినండి. అవేవీ లేకపోతే 1 కొరింథీ 11:28 మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చదవండి. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకుని, ఆ తర్వాత రొట్టె తినాలి అని ఉంది. పరీక్షించుకుని మానుకోవాలని లేదు.